సగం మనిషి కథ
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఫీజుల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడడం వాడుక. ఈసారి మేము వింతప్రాణి నవల గురించి మాట్లాడతామంటే కొందరు పెద్దలు నవ్వారు. ఫర్వాలేదు, కాస్త వినండి.

మన ఇళ్ళలో పదహారేళ్ళ పిల్లలు రాత్రి లైటు ఆర్పకుండా చదివేవి ఏమిటి? నెత్తురు తాగే వాంపైర్లు, తోడేలు మనుషులు. 2005లో 'ట్వైలైట్' వచ్చాక అలాంటివి కోకొల్లలు. చదవనివ్వండి. అయితే తానే రాద్దామని కలం పట్టిన పిల్ల కూడా అదే వాంపైర్‌ని తెచ్చి చార్మినార్ దగ్గర నిలబెడుతోంది. అదీ మా బాధ.

జిన్నాతుల మీద రాయకూడదా అంటారు. రాస్తున్నారు, 2017లో ఎస్.ఎ. చక్రబర్తి 'ది సిటీ ఆఫ్ బ్రాస్' ఇంగ్లీషులో అలా వచ్చిందే. కానీ జిన్ మన విశ్వాసానికి సంబంధించిన మాట. ఖురాన్‌లో 72వ సూరా పేరే అల్ జిన్. దానితో ఇష్టమొచ్చినట్టు ఆటలాడితే ఇంట్లో పెద్దలకు మనసు కష్టం. అందుకని మేము చూపించే ప్రాణి వేరు. పేరు నస్నాస్.

నస్నాస్ అంటే సగం మనిషి. సగం తల, సగం ఒళ్ళు, ఒకే చెయ్యి, ఒకే కాలు. ఆ ఒంటికాలి మీదే చురుగ్గా గెంతుతూ పోతుందట. 13వ శతాబ్దంలో సృష్టిలోని వింతల మీద గ్రంథం రాసిన ఖజ్వీనీ దీన్ని చెప్పాడు. 'అరేబియన్ నైట్స్'ను ఇంగ్లీషు చేసిన ఎడ్వర్డ్ లేన్ తన వివరణల్లో మరికొంత ఎక్కించాడు: యెమెన్ అడవుల్లో ఉండేదని, మాట్లాడగలదని, ఒకదాన్ని ప్రాణంతో ఖలీఫా ముతవక్కిల్ దగ్గరికి తెచ్చారని, హద్రమౌత్ జనం దాన్ని తినేవారని, మాంసం తియ్యగా ఉంటుందని. నిజమని నమ్మనక్కర్లేదు, ఇది కథ.

చూశారా, మాట్లాడుతుందట, అయినా తింటారట! నవల అంతా ఈ రెండు ముక్కల మధ్యే ఉంది.

ఇక చోటు. హైదరాబాదు బార్కస్ మీకు తెలిసిందే. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బు సిపాయిల బారకాసుల వల్ల వచ్చిన పేరు. వారిలో చాలామంది పూర్వులు ఆ హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళే. కాబట్టి సముద్రం దాటిన కుటుంబంతోపాటు ఒక నస్నాస్ కూడా వచ్చి, తరతరాలుగా జామతోటలో దాక్కుందని అనుకుంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. పదో తరగతి చదివే మనవరాలికి అది కనబడుతుంది. దాదీమాకు దాని సంగతి ముందే తెలుసు, చెప్పదు. ఎందుకు చెప్పదో, వాళ్ళ పూర్వులు హద్రమౌత్‌లో ఏం తిన్నారో అన్నది నవల నడుమకు అట్టే పెట్టుకోండి.

వింతప్రాణికి ఏం చేతనవునో కంటే ఏం చేతకాదో ముందు తేల్చుకోవాలి. సగం మనిషి గనుక సగం మాటే పలుకుతుందనుకుందాం. "నన్ను మీ ఇంట్లో..." అని ఆగిపోతుంది. మిగతాది విన్నవాడు పూర్తి చేసుకోవాలి. అమ్మాయి ఒకలా పూరిస్తుంది, పట్టి అమ్ముకుందామని చూసేవాడు ఇంకోలా పూరిస్తాడు. ఈ ఒక్క కట్టుబాటుతో ఇరవై ప్రకరణాలు నడపవచ్చు. మధ్యలో కథ చిక్కుపడిందని దానికి రెక్కలు మాత్రం మొలిపించకండి.

ఒక మాట గట్టిగా చెబుతాం. మన వీధుల్లో పోలియోతో కాలు చచ్చినవారున్నారు, మిషన్లో చెయ్యి పోయినవారున్నారు. వాళ్ళ పిల్లలూ ఈ నవల చదువుతారు. ఒంటికాలిని చూపించి జడిపించే రాత మాకొద్దు. పాఠకుడికి ఒళ్ళు జలదరించాల్సింది, టార్చిలైటు పట్టుకుని రెండు కాళ్ళమీద తోటలోకి వచ్చేవాణ్ణి చూసి.

చివరికి అమ్మాయి దాన్ని దాచుతుందా, పంపేస్తుందా, అది పలికిన ఆఖరి సగం మాట ఏమిటి అన్నవి రాసేవారి ఇష్టం. తెలుగులో రాసినా ఉర్దూలో రాసినా సరే. నోటుబుక్కు తెచ్చి ఇవ్వండి, మేము కూర్చుని చదువుతాం. అక్షరదోషాల దగ్గర మాత్రం మేము కాస్త కఠినం.