వారు అను మాట



నేను ముప్పదియైదు సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యుడను గాను. ఆసుపత్రిని గురించి మాటలాడుటకు ఈ పంతులునకేమి యధికారమని మీరు శంకింపవచ్చును. రోగి ఆసుపత్రి గడప త్రొక్కగానే మందుకంటె ముందు అతనికి తగులునది మాట. ఆ మాట మంచిదైన రోగి నిలుచును, చెడ్డదైన వెనుదిరుగును. మాటను గూర్చి చెప్పుట నా వృత్తి గనుక ఈ ప్రసంగమున కొప్పుకొంటిని.

పుట్టినపుడు మగబిడ్డ యని వ్రాయబడి, ఎదిగినకొలది తాను స్త్రీనని యెరిగినవారు కలరు. ఆడబిడ్డ యని వ్రాయబడి తాను పురుషుడనని యెరిగినవారును కలరు. ఈ రెండింట దేనియందును ఇముడనివారు మరికొందరు. వీరినందరిని నేడు ట్రాన్స్‌జెండరు వ్యక్తులనుచున్నారు. కొందరు హిజ్రా సమాజమున చేరుదురు. అనేకులు చేరక మన నడుమనే మౌనముగా నుందురు. 2011 జనాభా లెక్కలలో స్త్రీ పురుషులుగా గాక ‘ఇతరులు’ అని దేశమంతట వ్రాయబడినవారు 4,87,803 మంది. అందు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమువారు 43,769 మంది. అంతమంది యున్నచోట మన యూరివారెవ్వరును లేరని చెప్పుట సాహసము.

ఇక నా కథ చెప్పెదను. ఇందు నా తప్పు కలదు. దానిని దాచి నీతులు చెప్పుట నాకిష్టము లేదు.

చాల యేండ్ల క్రిందట నా తరగతిలో నొక విద్యార్థి యుండెను. పద్యము చదివిన తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెడిది. నడకయు మాటతీరును ఆడపిల్లలవలె నుండుటచే తక్కిన బాలురొక ఎగతాళి పేరు పెట్టిరి. ఒకనాడు హాజరు వేయుచు, ఏమి బుద్ధి పుట్టినదో, నేనును ఆ పేరుతోనే పిలిచితిని. తరగతి పగలబడి నవ్వెను. నేనును నవ్వితిని. పదిదినములలో ఆ బిడ్డ బడికి వచ్చుట మానెను. నెల గడచిన పిదప నా చేతితోనే హాజరు పట్టికలో ఆ పేరు కొట్టివేసితిని. ఎందులకు మానెనో విచారింపనైతిని.

ఇరువది యేండ్లకు పిమ్మట నా భార్యకు జ్వరము వచ్చి యొక పెద్ద ఆసుపత్రికి పోతిమి. అచట నొక బల్లపై కూర్చుండి వార్తాపత్రిక చూచుచుంటిని. చీర కట్టుకొన్న యొకామె కడుపు కుడివైపున అదిమి పట్టుకొని చీటీలిచ్చు కిటికీయొద్దకు వచ్చినది. పేరడుగగా చెప్పినది. కార్డులో వేరొక పేరుండెను. చీటీలు వ్రాయు నాతడు ఆ పాత పేరును హాలంతయు వినునట్లు రెండుమారులు చదివెను. జనము నవ్విరి. మగవారి వరుసలోనికి పొమ్మనిరి. అచటివారు ఎడముగా జరిగిరి. ఆడవారి వరుసకు పోగా అచటను అభ్యంతరమే. కడుపునొప్పితో సంబంధము లేని ప్రశ్నలు, దేహమును గూర్చి, పదిమందిలో అడిగిరి. రెండు గంటలట్లు గడచెను. తుద కామె గోడ పట్టుకొని లేచి వాకిలివైపు నడచినది.

గొంతు విని నే నామెను గుర్తించియుంటిని. గుర్తించియు పత్రికలో తల దూర్చితిని. కాని యామె నన్ను చూచి, అంత నొప్పిలోను చేతులు జోడించి, “మాస్టారూ, తమరు బాగున్నారా?” అని యడిగినది.

అప్పుడు లేచితిని. ఆమెను వెంటబెట్టుకొని లోపలనున్న వైద్యురాలియొద్దకు పోయి, “అమ్మా, వీరు నా శిష్యురాలు. కడుపునొప్పితో నున్నారు. చూడవలెను” అంటిని. ఆ వైద్యురాలు చిన్నవయస్సుది. ఆమె చేసినది నాలుగు పనులు. తెర వేసి మమ్ము బయటికి పంపినది. “మిమ్ము ఏ పేరుతో పిలువవలెను?” అని యడిగినది. చేయి వేయుటకు ముందు అనుమతి కోరినది. రోగమునకు కావలసినది తప్ప వేరు ప్రశ్న వేయలేదు. కొలది నిమిషములలో ఉండుకపు వాపు, అనగా అపెండిసైటిసు అని తేల్చిరి. ఆ రాత్రియే శస్త్రచికిత్స జరిగెను. ఇంటికి పోయి మరియొక దినము ఓర్చుకొనియున్నచో అది పగిలి ప్రాణాపాయము కలిగియుండెడిదని వైద్యురాలు నాతో చెప్పినది.

మూడవనాడు చూడబోయితిని. “లేచి పోనేల తల్లీ?” అని యడిగితిని. “నొప్పి ఓర్చుకోగలను మాస్టారూ. ఆ నవ్వు ఓర్చుకోలేకపోయాను” అన్నది. ఆ నవ్వు నా తరగతి గదిలో మొదలైనదని ఆమె యనలేదు. అనవలసిన పనియు లేదు.

పెద్దలారా, నాటినుండి నేనొక వ్యాకరణ విషయమును మరల మరల తలచుచున్నాను. చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి మహత్తు, అమహత్తు అను విభాగము తెలియును. తెలుగున ఏకవచనమందు పురుషునికి ‘వాడు వచ్చినాడు’ అందుము. స్త్రీకి ‘ఆమె వచ్చినది’ అని, పశువునకును రాతికిని చెప్పు క్రియనే చెప్పుదుము. బహువచనమందట్లు గాదు. స్త్రీలైనను పురుషులైనను ‘వారు వచ్చిరి’ అనియే. అనగా గౌరవ మొసగదలచినపుడు మన భాష ఆడ మగ యని యడుగదు. మనిషియా కాదా యని మాత్రమే యడుగును. ఆ కిటికీయొద్ద నా శిష్యురాలిని ‘అది’ అనిరి, ‘వాడు’ అనిరి. ‘మీరు’ అని పిలిచి, ‘వారు’ అని చెప్పియుండిన చిక్కేమియు లేకుండెడిది. స్త్రీని గాను పురుషుడను గాను అనువారికి సయితము ఆ మాట చక్కగా సరిపోవును. ఇంత సులభమైన మందు మన నాలుకపైననే యుండగా మనము వాడుకొనుట లేదు.

సంస్కృతమున భార్య యనుటకు మూడు మాటలు కలవు. ‘భార్యా’ స్త్రీలింగము, ‘దారాః’ పుంలింగము, ‘కళత్రమ్’ నపుంసకలింగము. ఇల్లాలొక్కతియే, లింగములు మూడు. లింగమనునది కంటికి కనబడిన దేహముతో ముగిసిపోవు విషయము కాదని బాలశిక్షలోనే మనకు బోధింపబడినది. అమరకోశమున ‘తృతీయాప్రకృతి’ యను శబ్దము కలదు. చరకసంహిత శారీరస్థానమున ఇట్టి జన్మములను గూర్చిన చర్చ కలదు. అచట చెప్పిన కారణములను నేటి శాస్త్ర మంగీకరింపదు; అయినను ప్రాచీనవైద్యుడు దానిని విచారించెనేగాని నవ్వి విడువలేదు. విరాటుని కొలువున బృహన్నలకు రాజు తన కూతును శిష్యురాలిగా నప్పగించెను. అది యర్జునుని వేషమే గదా యందురు. నిజమే, కాని విరాటుడు దానిని వేషమని యెరుగడు గదా!

మరి ఈ భయ మెక్కడినుండి వచ్చినది? 1871 లో ఆంగ్లప్రభుత్వము చేసిన నేరస్థజాతుల చట్టమున వీరి పేర్లు పట్టికలకెక్కింప నేర్పాటు చేసిరి. హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, అట్టి చట్టమే వచ్చినది. స్త్రీవేషముతో వీధిలో కనబడుటయే దాని దృష్టిలో నేరము. దానిని తెలంగాణ ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది 2023 జూలైలో. నూరేండ్లు కచేరీయనిన, పట్టికయనిన భయపడినవారు ఆసుపత్రి కిటికీయొద్ద పేరు చెప్పుటకు జంకుటలో వింతయేమున్నది?

న్యాయస్థానములును శాస్త్రజ్ఞులును ఈ నడుమ చెప్పిన మాటలు కొన్ని వినుడు. 2014 ఏప్రిల్ 15 న సుప్రీముకోర్టు వీరికి రాజ్యాంగపు హక్కులన్నియు కలవని తీర్పిచ్చెను. 2019 లో పార్లమెంటు చేసి, 2020 జనవరి 10 నుండి అమలునకు తెచ్చిన చట్టము, వైద్యసేవలలో వీరిపట్ల వివక్ష చూపరాదని విధించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లో ఆమోదించిన రోగముల పట్టికలో దీనిని మనోవ్యాధుల వర్గమునుండి తొలగించినది. ఆ పట్టిక 2022 జనవరినుండి అమలునకు వచ్చినది. ఆ 2022 లోనే, వీరిని ‘మార్చెదము’ అని చేయు చికిత్స వైద్యులకు వృత్తిదోషమని జాతీయ వైద్య కమిషను ప్రకటించెను. ఆ సంవత్సరముననే హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ట్రాన్స్‌జెండరు వైద్యులిద్దరు, ప్రాచీ రాథోడు, రూత్ జాన్ పాల్ గారలు, ఉద్యోగమున చేరిరి. చీటీకై నిలువబడిన జాతివారే నాడి పట్టుకొను స్థానమునకు వచ్చిరన్నమాట.

గౌరవమనునది మర్యాదకొరకు మాత్రమే కాదు, చికిత్సకొరకును అవసరమని వైద్యులు నాకు బోధపరచిరి. వీరిలో కొందరు హార్మోను మందులు వాడుదురు. వైద్యుని చూడ సిగ్గుపడి అంగడిలో కొని, మోతాదు తెలియక మ్రింగిన, రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదము కలదు. కొందరు శిక్షణలేనివారిచేత చాటున కోత చేయించుకొని, నెత్తురు కారియో, పుండు చీము పట్టియో, మూత్రము బిగిసియో అల్లాడుదురు. స్త్రీగా జీవించుచున్నవారికి, ఆ శస్త్రచికిత్స జరిగినను, సాధారణముగా ప్రోస్టేటు గ్రంథి యుండనే యుండును. వయస్సు మీరిన దానికి రోగము రావచ్చును. పురుషునిగా జీవించువారికి గర్భాశయ ముండిన, దాని ముఖద్వారమున క్యాన్సరు పరీక్ష అవసరము. ఈ సంగతులు రోగి చెప్పినగాని వైద్యునికి తెలియవు. నవ్వు భయము లేనిచోటనే రోగి చెప్పును. కావున అవమానము రోగనిర్ణయమును చెరచును.

ఇక గ్రామపెద్దలు చేయదగినవి కొన్ని మనవి చేసెదను. మీ యింటనో పొరుగుననో ఇట్టి బిడ్డ యున్న, దయ్యము పట్టినదని భూతవైద్యునికి చూపకుడు. పెండ్లి చేసిన కుదురునని తలపకుడు. దానివలన ఇద్దరి బ్రదుకులు చెడును. కొట్టి మార్చజూచిన ఆ బిడ్డ ఇల్లు విడుచును, లేదా ప్రాణము విడుచును. జబ్బుచేసినపుడు ఊరి పెద్ద యొకడు తోడుగా పొండు. పెద్దమనిషి ప్రక్కన నిలిచిన చీటీలు వ్రాయువాని స్వరము మారును. ఇది నేను కన్నులార చూచినది. వైద్యుని గదిలో పరీక్ష జరుగునపుడు మాత్రము మీరు బయట నుండుడు. రోగి పిలువుమన్న పేరుతోనే పిలువుడు. లోపల విన్నది రచ్చబండపై చెప్పకుడు. మీ యూరి ఆరోగ్యకేంద్రమునకు పోయి, “మా యూరివారెవ్వరు వచ్చినను మీరు అని పిలువుడు” అని యొకమాట చెప్పి రండు. దీనికి పైకము పట్టదు.

“మా తాతలు చేయనిది మేమేల చేయవలెను?” అని యడుగువారుందురు. పెండ్లిండ్లలోను పురుళ్లలోను వీరు వచ్చి దీవించిన మంచిదని మన తాతలు నమ్మి, చీరయు రూకలు నిచ్చి పంపిరి. దీవెన కోరినవారు జ్వరము వచ్చిననాడు మొగము త్రిప్పుకొనుట ఏ ధర్మము?

నా శిష్యురాలు నేడు కుశలముగా నున్నది. కొలది నెలల క్రిందట మా యింటికి వచ్చి, నాడు సగములో నిలిచిన పద్యపాఠము మరల చెప్పుమని కోరినది. ఇంటనున్న యొక పాత పుస్తకమున తెల్లకాగితముపై, ఇపుడామెకున్న పేరును ఆమెయెదుటనే వ్రాసి, హాజరు వేసితిని. కొట్టివేసిన పేరునకు అది ప్రాయశ్చిత్తము కానేరదు. అయినను పిలువగా, “వచ్చితిని, మాస్టారూ” అని పలికినది.