తెర మీద దూరం, నీడలో కాలం

పెద్దతిప్పసముద్రం నుంచి కుప్పం దాకా వింటున్న మీ అందరితో ఈ పూట తోలుబొమ్మలాట గురించి నాలుగు మాటలు.

హంగరీ కళాకారుడు మొహోలి-నాగ్, తిరిగే లోహపు రేకుల మీద దీపాల వెలుగు ఆడే యంత్రాన్ని 1930లో పారిస్‌లో ప్రదర్శించాడు. కదిలే వెలుగునీడలతో చూపును ఆటపట్టించే ఆ పనిని మన బొమ్మలాటగాళ్లు తెల్లని తెర, దీపంతో ఎంతో ముందే చేశారు.

మేకతోలును వెలుగు దాటేంత పలుచగా చేసి, రంగులద్ది, నగల చోట చిల్లులు పొడుస్తారు. బొమ్మను తెరకు ఆనిస్తే గీతలు, రంగులు స్పష్టంగా కనబడతాయి. దీపం వైపు జరిపితే నీడ పెరిగి, అంచులు మసకబారతాయి. సరిగ్గా నడుమ ఉంచితే నీడ రెండింతలవుతుంది. లోతు లేని గుడ్డ మీద అలా కంటికి దూరం తోస్తుంది. ఇక కాలం సంగతి: బొమ్మ ఇటు తప్పుకుని అటు నుంచి వస్తే వనవాసంలో ఏళ్లు గడిచినట్టే.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ కళ నిలిచి ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. మీ ఊరి జాతరకు ఒక రాత్రి ఆట పెట్టించండి. పిల్లలకు తెర వెనక పనితనం కూడా చూపించండి.