అందం పేరిట గొలుసు వ్యాపారం
(సంఘం వార్షిక సమావేశం, మహిళా సదస్సులో చేసిన ప్రసంగం)



ఇంటిపట్టున ఆదాయం గురించి మాట్లాడమన్నారు. కుట్టుపని, పచ్చళ్ల సంగతి తర్వాతి వక్తలు చెబుతారు. దావత్‌ల దారిన మన ఇళ్లలోకి వస్తున్న గొలుసు వ్యాపారం గురించి మేము చెబుతాం. ఇప్పుడది ‘క్లీన్ బ్యూటీ’ పేరుతో వస్తోంది. రసాయనాలు లేని క్రీము, స్వచ్ఛమైన సీరం, హెర్బల్ ఫేస్‌వాష్.

నీళ్లు కూడా రసాయనమేనని మా ఎనిమిదో తరగతి పిల్లలు చెబుతారు. ‘క్లీన్’ అనే మాటకు అమెరికా ఎఫ్‌డీఏ సైతం నిర్వచనం ఇవ్వలేదు. ఏ కంపెనీ అర్థం ఆ కంపెనీదే. గోరింటాకు ఎర్రగా పండుతుంది. గంటలో నల్లగా పండే కోన్‌లో పీపీడీ అనే జుట్టు రంగు కలిసి ఉండవచ్చు, అది చర్మంపై బొబ్బలు లేపగలదు. కోన్ మీద ‘హెర్బల్’ అని రాసి ఉన్నా అంతే.

ఈ ‘క్లీన్’ మాట మీదే ఎదిగిన కంపెనీ అమెరికాలోని బ్యూటీకౌంటర్. 2013లో అమ్మకాలు మొదలుపెట్టింది. 1,800కు పైగా పదార్థాలను తాము వాడబోమని జాబితా ప్రకటించింది. సౌందర్య సాధనాల చట్టం కఠినం కావాలని గట్టిగా అడిగింది కూడా. ఆ మంచిని కాదనం. కానీ సరుకు అమ్మింది ‘కన్సల్టెంట్ల’ ద్వారా. ఎక్కువమంది ఆడవాళ్లే, తమ కింద మరికొందరిని చేర్చుకుంటూ. 2021లో కార్లైల్ అనే పెట్టుబడి సంస్థ వంద కోట్ల డాలర్ల విలువ కట్టి అందులో మెజారిటీ వాటా కొన్నది. 2024లో కంపెనీ మూతపడింది. ఏళ్ల తరబడి కట్టుకున్న డౌన్‌లైన్లు ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

అదే ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 70 గొలుసు కంపెనీల ఆదాయ ప్రకటనలు పరిశీలించింది. చేరినవారిలో ఎక్కువమందికి ఏడాదికి వచ్చింది వెయ్యి డాలర్లు, లేదా అంతకంటే తక్కువ. నెలకు 84 డాలర్ల లోపన్నమాట. సొంత ఖర్చులు అందులో తీసేయలేదు.

ఎందుకిలా? లెక్క వేసి చూడండి. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలి. 6, 36, 216, 1,296... పదో మెట్టుకు ఆరు కోట్లు దాటుతుంది. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా మూడున్నర కోట్లే! పదమూడో మెట్టుకు భూమ్మీద మనుషులు చాలరు. కాబట్టి అడుగు వరుసలో ఉన్నవాళ్లకు చేర్చడానికి ఎవరూ మిగలరు. ఎక్కువమంది ఉండేదీ ఆ వరుసలోనే.

మన దగ్గర దీనికి చట్టం లేకపోలేదు. సబ్బులు, క్రీములు కూడా అమ్మే ఆమ్‌వే వ్యాపార పద్ధతి, డబ్బు చలామణి పథకాలను నిషేధించే 1978 చట్టం పరిధిలోకి ప్రాథమికంగా వస్తుందని 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అన్నది. 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాల ప్రకారం చేరడానికి రుసుము అడగకూడదు. అందుకే ఇప్పుడు రుసుము అనరు, ‘స్టార్టర్ కిట్టు’ కొనమంటారు.

అంగట్లో అయితే బేరమాడతాం. ఆపా తెచ్చి, “నా కోసం ఒక్కటి తీసుకో” అంటే ఏమంటాం? కంపెనీ వాడుకునేది ఆ మొహమాటాన్నే. మా బడిలో చదివే ఒక అమ్మాయి తల్లి, కూతురి ఇంటర్ చదువుకని దాచిన చిట్టీ డబ్బు పెట్టి ఇలాంటి కిట్టే కొన్నది. అట్టపెట్టె మంచం కింద ఉంది, సీసాల మీద తేదీ దాటిపోయింది. డబ్బు గురించి ఆమె పెద్దగా మాట్లాడలేదు. “ఆడబిడ్డ మా గడప తొక్కడం లేదు టీచర్” అన్నది. ఆడబిడ్డను చేర్పించింది తానే మరి.

ఎవరైనా కిట్టు తెస్తే రెండు ప్రశ్నలు అడగండి. ఒక్కరినీ చేర్చకుండా, సరుకు మాత్రమే అమ్మితే నెలకు ఎంత మిగులుతుంది? అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటామని రాతలో ఇస్తారా? సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. బిల్లు తప్పక తీసుకోండి.

ఇప్పటికే కొన్నవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. రాతలో ఫిర్యాదు చేయాలనుకునేవారు బిల్లు, చెల్లింపు రసీదు పట్టుకుని సంఘం కార్యాలయానికి రండి. ఆదివారం జొహర్ నమాజు తర్వాత మేము ఇద్దరు ముగ్గురం ఉపాధ్యాయులం అక్కడే ఉంటాం, కూర్చుని రాసిపెడతాం.