పరాయి సాయము - గుంటూరు సీమ పాఠము
(నరసరావుపేటలో చదువరుల సభయందు చేసిన యుపన్యాసము)



పల్నాటివారికి రాయబార మననేమో వేఱుగ జెప్పనక్కఱలేదు. మాచెర్ల పక్షమున గురజాలకేగిన అలరాజు తిరిగి రాలేదని మన వీరగాథ చెప్పుచున్నది. కొన్ని రాయబారములలో రాయబారి క్షేమముగనే యిల్లు చేరును. సీమ మాత్రము చేజాఱును. గుంటూరు సర్కారు కథ యట్టిది.

1766, 1768 సంవత్సరముల సంధులచే నైజాము అలీఖాను ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి వదలెను. గుంటూరు మాత్రము అతని సోదరుడగు బసాలతుజంగునకు జీవితాంతము నిలిచెను. ఆదవానిలోనున్న బసాలతుజంగు ఫ్రెంచి సేనను కొలువున నుంచుకొనెను. మోటుపల్లి రేవు ఫ్రెంచివారికి వాకిలి యయ్యెను. 1778లో ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని యుద్ధము పుట్టగా, ఆ వాకిలి మూయవలెనని చెన్నపట్టణపు గవర్నరు రంబోల్డు తలచెను.

1779లో బేరము కుదిరెను. బసాలతుజంగు ఫ్రెంచివారిని పంపివేసి, గుంటూరును కంపెనీకి గుత్తకియ్యవలెను. అతని రక్షణకు కంపెనీ తన సేనను పంపవలెను. ఆ గుత్తను కంపెనీ వెంటనే ఆర్కాటు నవాబునకు పదియేండ్లకు మాఱుగుత్త కిచ్చెను. ఆదవానికి బయలుదేరిన సేనను కడప సీమలో హైదరలీ మనుష్యులు అడ్డగించిరి. తన్నడుగక జరిగిన బేరమునకు నైజాము కినిసి, తొలగిన ఫ్రెంచి సేనను తానే చేర్చుకొనెను. 1780లో హైదరలీ కర్ణాటకముపై బడెను. అంతట వారన్ హేస్టింగ్సు గుంటూరును తిరిగి యిప్పించి నైజామును శాంతింపజేసెను. బసాలతుజంగు 1782లో మరణించెను. 1788లో కెన్నవే రాయబారము పిమ్మట గుంటూరు కంపెనీకే చేరెను.

కథ అంతటితో ముగియలేదు. కంపెనీ సేన వ్యయమునకై 1800లో నైజాము వదలిన దత్తమండలములలో ఆ ఆదవానియు గలదు. ఆర్కాటు నవాబు చేతిలోని మన పల్నాడు 1801లో కంపెనీ వశమయ్యెను. ఈ పత్రములలో నెక్కడను దున్నువాని చేవ్రాలు లేదు. శిస్తు మాత్రము వానిదే.

అట్లయిన పరుల సాయమే కూడదా? అని కొంద ఱడుగవచ్చును. మే మట్లనము. ఆ 1778లోనే అమెరికావారు అదే ఫ్రెంచివారితో సంధి చేసికొనిరి. కాని వారికి స్వంత సేన కలదు. ఆ సంధిని వారి కాంగ్రెసు విచారించి యంగీకరించెను. ఇంగ్లీషువారు ఏలిన ఉత్తరామెరికా భూములపై తనకు హక్కు లేదని ఫ్రెంచిరాజు అందే వ్రాసియిచ్చెను. సాయము చేసినవారొక్కరే. ఒకచోట అది స్వాతంత్ర్యమునకు తోడ్పడెను, ఇంకొకచోట సీమను బేరమున బెట్టెను.

వకీలు వృత్తిలో మేము నేర్చిన దొక్కటి: పత్రమున తీయని మాటలు గాక, చెల్లింపు షరతు ముందు చదువవలెను. ఏ దేశమువారు సాయముతో వచ్చినను మూడు ప్రశ్న లడుగుడు. దీని నెవరు కోరిరి? వెల యెవరు చెల్లింతురు? వచ్చిన సేన యెన్నడు మరలిపోవును? వీనికి స్పష్టమగు నుత్తరము లేనిచో, చేవ్రాలు చేయు చేతిని పట్టి యాపుట ప్రజల విధి.