మీదేవూరమ్మా?



మా హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లను "మీదేవూరమ్మా?" అని అడిగితే "వైజాగ్ మేడమ్" అంది. ఆరా తీస్తే ముంచింగిపుట్టు అవతల కొండ మీది ఊరు. పేరు చెబితే నవ్వుతారని భయమట. అందుకే ఈరోజు మన జిల్లా గురించే మాట్లాడతాను.

పాడేరు, రంపచోడవరం డివిజన్లు కలిపి 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాను ఏర్పాటు చేశారు. అరకు కాఫీ, లంబసింగి చలి సంగతి టూరిస్టులే చెబుతారు, నేను చెప్పక్కర్లేదు.

1879లో రంప ఎందుకు తిరగబడింది? మనం గీసుకునే కల్లుకు కూడా చిగురు పన్ను కట్టమన్నారు. కింది వర్తకులు అప్పుపత్రాలు పట్టుకుని కోర్టుకెక్కి పశువుల్ని, పంటను తోలుకుపోయారు. ఆ పత్రాల్లో ఏముందో మన తాతలకు చదవడం రాదు. తర్వాత 1882 అటవీ చట్టం పోడుకు అడ్డొచ్చింది. నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు పనిలో సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. రాజుగారి పేరు అందరికీ తెలుసు. ఆయన పక్కన నిలబడిన గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ముల పేర్లు మీలో ఎందరికి తెలుసు? గంటందొర 1924లో కాల్పుల్లో ప్రాణం వదిలాడు. మల్లుదొర జైలుశిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు వెళ్లాడు.

1970లో వచ్చిన 1/70 చట్టం మన ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాస్తోంది. మన బొర్రా, అనంతగిరి ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకు గనులు లీజుకివ్వకూడదని చెప్పింది.

అయినా కాగితాలు వస్తూనే ఉన్నాయి. మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటర్ చదివే మా అమ్మాయిని తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న వచ్చాడు. సంచిలో ఒక అగ్రిమెంటు. రోడ్డు పక్క చేను, కాటేజీల కోసం, మనవాడే ఒకడి పేరు మీద. డబ్బు పెట్టేది మాత్రం కింది మనిషి. ఆ పిల్ల వరండాలో కూర్చుని మొత్తం పైకి చదివింది. ముప్పై మూడేళ్ల లీజు అన్న చోట ఆగి, "నాన్నా, నీకు మూడేళ్లనే చెప్పారు కదా" అంది.

ఆయన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "వేలిముద్ర వెయ్యను సరే. అడ్వాన్సు ఇరవై వేలు ఖర్చయిపోయాయమ్మా, ఎలా?" అని నన్నడిగాడు. సెలవులయ్యాక ముగ్గురం ఐటీడీఏ ఆఫీసుకు వెళ్లాం. మళ్లీ వెళ్లాలి.