మా తాతగారి ఎడమచేయి

మా తాతగారి ఎడమచేతికి చిటికెన వ్రేలును, ఉంగరపు వ్రేలును లేవు. చిన్ననాడు మేమడిగినపుడెల్ల ఒక్కొక్క కథ చెప్పెడివారు. ఒకమారు జపానువాని కత్తి. మరియొకమారు బర్మా అడవిలోని పెద్దపులి. మేమన్నియు నమ్మితిమి. ఊరివారెవరును నమ్మలేదని తరువాత తెలిసినది.

ఆయన 1942లో గోదావరి జిల్లానుండి పోయి పటాలములో చేరిరి. బెంగుళూరు కేంద్రముగా గల మద్రాసు సాపర్ల దళమది. సైన్యములో వారిని 'తంబీలు' అని పిలిచెడివారు. బాట వేయుట, మందుపాతరలు తీయుట, వంతెన కట్టుట వారి పని. 1944 డిసెంబరులో చింద్విను నదిపై కలేవాయొద్ద సైన్యము దాటుటకు 1,154 అడుగుల బెయిలీ వంతెన వేసిరి. ఆ జాతి వంతెనలలో అంత పొడవైనది నాటికి లోకమున లేదు. తాతగారు దాని ప్రస్తావన తెచ్చిరా, వినువారికి మా వీథి అరుగు చాలెడిది కాదు.

ఆ వంతెన ఉక్కుచట్రములను మేకులతో కూర్చి కట్టునది. ఒక్కొక్క చట్రము పదియడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తు, సుమారు 570 పౌన్ల బరువు. యంత్రము లేకయే ఆరుగురు మోయవచ్చును. అయితే ఆరుగురును ఒక్కమారే ఎత్తవలెను, ఒక్కమారే దింపవలెను.

ఆయనను పొగడుటకు నేనీ మాటలు చెప్పుట లేదు. 1946లో ఇంటికి వచ్చినపుడు ఒక రేకుపెట్టెను, బర్మా స్టారు పతకమును, రమ్ము అలవాటును తెచ్చిరి. ఆ అడవులలో సిపాయిలకు రమ్మును సర్కారువారే కొలిచి పోసెడివారు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చినది. మా తాతగారికి మాత్రము రాలేదు. నాయనమ్మ కాసులపేరు ఆ త్రాగుడులోనే పోయినది. త్రాగిన రాత్రి ఆమెను కొట్టెడివారు. మరునాడు తెల్లవారగనే మమ్ము భుజములపై నెక్కించుకొని కాలువకు తీసికొనిపోయి, పొట్టక్రింద ఆ మూడువ్రేళ్ల చేయి ఆనించి ఈత నేర్పెడివారు. పిల్లలము గనుక మేము ఈతనే తలచుకొంటిమి.

1978లో, పోవుటకు కొలది మాసములకు ముందు, ఆ కాలువగట్టుననే కూర్చుండి, నేనడుగకయే చెప్పిరి.

"పులీ లేదు, కత్తీ లేదురా అబ్బీ. చింద్వినుకు పోయే బాటలో ఒక చిన్న వాగు. వాన, బురద. చట్రము మోస్తూ జారినాము. అది నా మీదకు వస్తుందని భయపడి చేయి తీసుకొన్నాను. రెండు వ్రేళ్లు చిక్కినవి. ఎదుటివాడు దాని క్రింద పడిపోయినాడు. సేలము జిల్లావాడు. ఇద్దరు పిల్లలు."

వాని పేరు చెప్పి ఊరకుండిరి. ఆ దినము ఆయన త్రాగియుండలేదు.

ఇది విన్నచో నాయనమ్మ మనసు కొంత కరగునని తలచి, ఆ రాత్రియే ఆమెతో చెప్పితిని. ఆమె బియ్యములో రాళ్లు ఏరుచు తల యెత్తలేదు.

"వచ్చిన వారములోనే నాకు చెప్పినారు. ఆ బిడ్డలను తలచుకొని నేనూ ఏడ్చినాను. అందుకని నన్ను కొట్టవచ్చునా?"

నాకు జవాబు తోచలేదు. నేటికిని తోచలేదు. తాతగారనిన నాకు ప్రాణము. ఆ ప్రశ్నకు మాత్రము ఆయన పక్షమున చెప్పదగిన మాట యొక్కటియు దొరకలేదు.

మహాలయ అమావాస్యనాడు మా యింట పెద్దల పేర్లు చెప్పి బియ్యము, కూరగాయలు ఇచ్చుట వాడుక. ఆ పేర్లలో ఒక అరవ పేరు కూడ నాయనమ్మ ఏటేట చెప్పుచుండెను. ఎవరని అడిగిన మీ తాత స్నేహితుడనెడిది. ఆ గట్టున విన్న పేరే అది. తాతగారు పోయిన తరువాత కూడ ఆమె దానిని మానలేదు. మగని పేరు పలుకరాదు గనుక, ఆ అరవ పేరు తాను చెప్పి, తాతగారి పేరు నన్ను చెప్పుమనెడిది.