వేరు పంపే కబురు



మొక్కల హార్మోన్లు మొక్క లోపలి పనులకే పరిమితమని చాలాకాలం పాఠాలు చెప్పుకున్నాం. కానీ వాటిలో ఒకటి వేరు దాటి బయటికి వచ్చి, నేలలోని శిలీంధ్రం పెరుగుదలను మారుస్తుంది. మా గురువుగారి పేరిట జరుగుతున్న ఈ ఉపన్యాసానికి ఆ స్ట్రైగోలాక్టోన్ల కథనే ఎంచుకున్నాను.

ఈ కథ శత్రువుతో మొదలైంది. జొన్న వేళ్లను పట్టి పీల్చే జొన్నమల్లె మన రైతులకు తెలిసిన కలుపే. దాని గింజను మొలిపించే స్ట్రైగాల్ అనే పదార్థాన్ని 1966లో పత్తి వేళ్ల స్రావం నుంచి వేరుచేశారు. తనకు చేటు తెచ్చే పదార్థాన్ని మొక్క ఎందుకు వదులుతోంది? జవాబు 2005లో జపాన్ నుంచి వచ్చింది. అకియామా బృందం స్ట్రైగాల్ చెందిన స్ట్రైగోలాక్టోన్ కుటుంబంలోని మరో పదార్థాన్ని వేరుమిత్ర శిలీంధ్రమైన జైగాస్పోరా మీద వేసి చూసింది. పికోగ్రాముల మోతాదుకే దాని పోగులు గుబురుగా కొమ్మలు వేశాయి. మరుసటి ఏడాది ఫ్రెంచి పరిశోధకులు ఆ శిలీంధ్రాల మైటోకాండ్రియా కూడా చురుకెక్కుతున్నట్టు చూపారు. మొక్క పక్కకొమ్మలను అదుపు చేసే హార్మోను కూడా ఈ స్ట్రైగోలాక్టోన్ కుటుంబానిదేనని 2008లో తేలింది. అంటే హార్మోనుగా గుర్తింపు దీనికి చివరన దక్కింది.

రైతులు వ్యామ్ అని పిలిచే ఈ శిలీంధ్రానికి ఆ కబురు ప్రాణావసరం. దాని బీజం తనంతట తాను మొలుస్తుంది కానీ, కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకోలేదు. దాచుకున్న కొవ్వు తరిగేలోగా వేరు దొరకకపోతే ఎదుగుదల ఆగిపోతుంది. కొమ్మలు వేస్తే వేరు తగిలే అవకాశం పెరుగుతుంది. వేరులో చేరాక అది మొక్కకు భాస్వరం అందిస్తుంది, మొక్క దానికి చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది.

అన్ని హార్మోన్లూ ఒకే దారిలో పనిచేయవు. స్ట్రైగోలాక్టోన్ శిలీంధ్రాన్ని నేరుగా కదిలిస్తుంది. జిబ్బరెల్లిన్ ఎక్కువైతే వేరు కణాల్లోని డెల్లా ప్రోటీన్లు తగ్గి, శిలీంధ్రం అక్కడ వేసే చెట్టువంటి శాఖలు సరిగా ఏర్పడవు. హార్మోను శిలీంధ్రాన్ని మార్చిందా, వేరును మార్చిందా అన్నది ప్రతి ప్రయోగంలోనూ విడదీసి చూడాలి.

కబురు ఎప్పుడు పంపాలో చాలా పైర్లలో భాస్వరమే నిర్ణయిస్తుంది. కొరత ఉంటే స్ట్రైగోలాక్టోన్లు పెరుగుతాయి, సమృద్ధిగా ఉంటే తగ్గుతాయి. భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. కొలిచే విద్య మనకు కొత్త కాదు, కొలిచి ఎరువు వేసే అలవాటే తక్కువ.

శత్రువుకు అందకుండా మిత్రుడికే కబురు పంపడం సాధ్యమేనా? జొన్నమల్లెను తట్టుకునే కొన్ని జొన్న రకాల వేళ్లు స్ట్రైగోలాక్టోన్లలో 5-డీఆక్సీస్ట్రైగాల్‌కు బదులు ఎక్కువగా ఒరొబాంకాల్‌ను వదులుతాయని 2017లో వెల్లడైంది. ఇది జొన్నమల్లె గింజను అంతగా మొలిపించదు, శిలీంధ్రాన్ని మాత్రం కదిలించగలదు. పైరు ప్రజననంలో నడవాల్సిన దారి ఇదే.

విద్యార్థులకు నా విన్నపం: కొత్త రకాన్ని తూచేటప్పుడు గింజ దిగుబడితో పాటు వేరు వదిలే స్రావాన్నీ పరీక్షించండి. రైతు సోదరులకు: భూసార పరీక్ష చేయించాకే డీఏపీ బస్తా విప్పండి. ఆవాలు, క్యాబేజీ వంటి పైర్లకు ఈ శిలీంధ్రంతో పొత్తు కుదరదు కనుక వాటికి వ్యామ్ కొని డబ్బు వృథా చేసుకోకండి.